రూట్ చేసిన ఫోన్‌కి అప్‌డేట్ వస్తే

ఫోన్ రూట్ చేసుకున్నవాళ్లకి, అంటే కంపెనీ ఇవ్వని పూర్తి అధికారం తమ ఫోన్ మీద తెచ్చుకున్నవాళ్లకి, నెలకోసారి ఒక టెన్షన్ వస్తుంది. పైనుంచి నోటిఫికేషన్ దిగుతుంది: సిస్టమ్ అప్‌డేట్ వచ్చింది, ఇన్‌స్టాల్ చేయండి. మామూలు ఫోన్ వాడేవాళ్లు రాత్రి ఛార్జింగ్ పెట్టి, ఆ బటన్ నొక్కి నిద్రపోతారు. రూట్ ఉన్నవాళ్లు దాన్ని పక్కకి తోసేస్తారు. మర్నాడు మళ్లీ తోసేస్తారు. అలా ఆరు నెలలు గడిచిపోతాయి, ఏడాదీ గడిచిపోతుంది. ఎందుకని అడిగితే ఒకరు "డేటా మొత్తం పోతుందట" అంటారు. ఇంకొకరు "ఫోన్ ఇటుకరాయి అయిపోతుంది, ఇక ఆన్ అవ్వదు" అంటారు. మరొకరు "ఏమీ కాదు, నొక్కెయ్" అంటారు. ముగ్గురూ తాము చూసిందే చెబుతున్నారు. కాకపోతే వాళ్లు చూసిన ఫోన్లు వేరు, కాలాలు వేరు.

అప్‌డేట్ ఫోన్‌లోకి వచ్చాక అసలు ఏం చేస్తుంది? రూట్ ఫోన్‌లో ఎక్కడ కూర్చుని ఉంటుంది? ఈ రెండూ తెలిస్తే ఏం చేయాలో చాలావరకు మీకే తోస్తుంది. ఇవి తెలియకుండా ఎవరో చెప్పిన వరసలో బటన్లు నొక్కుకుంటూ పోతే, మధ్యలో ఒక్కటి తేడా కొట్టినా ఎక్కడ ఆగాలో తెలియదు.

ముందు అప్‌డేట్ సంగతి. నెలనెలా వచ్చేది కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ అని చాలామంది అనుకుంటారు. సాధారణంగా అది పూర్తి సిస్టమ్ కాదు, పాతదానికీ కొత్తదానికీ మధ్య ఉన్న తేడా మాత్రమే. దర్జీ దగ్గర ఆల్టరేషన్ లాంటిది. మీ చొక్కా కొలతలు అతని పుస్తకంలో ఉన్నాయి. చేతులు అంగుళం తగ్గించమంటే ఆ కొలతల ప్రకారమే కత్తెర వేస్తాడు. మీరు ఈలోగా ఇంట్లో చేతులు మడిచి కుట్టేసుకుని ఉంటే కత్తెర తప్పు చోట పడుతుంది. అందుకే మంచి దర్జీ ముందు టేపు పెట్టి చూస్తాడు. పుస్తకంలో ఉన్న కొలత రాకపోతే చొక్కా ముట్టుకోడు. ఆండ్రాయిడ్ అప్‌డేట్ చేసేది కూడా అదే.

2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.0 లాలీపాప్‌కి ముందు అప్‌డేట్ ఫైళ్లవారీగా చూసేది. ఈ ఫైల్ మార్చు, ఆ ఫైల్ తీసెయ్, అంతే. మీరు పక్కన ఇంకో ఫైల్ పెట్టుకున్నా చాలాసార్లు పట్టించుకునేది కాదు. అప్పట్లో రూట్ చేసినవాళ్లలో కొందరు ఇప్పటికీ "ఏమీ కాదు, నొక్కెయ్" అనడానికి కారణం ఇదే. లాలీపాప్ నుంచి అప్‌డేట్ ఫైళ్లని చూడటం మానేసి, స్టోరేజ్‌ని నాలుగు కేబీల ముక్కలుగా చూడటం మొదలుపెట్టింది. ఒక్క ఫైల్ కూడా మార్చకపోయినా, స్టోరేజ్‌లో ఆండ్రాయిడ్ ఉండే సిస్టమ్ విభాగాన్ని ఒకసారి రాయడానికి వీలుగా తెరిస్తే చాలు, లోపలి లెక్క మారిపోయి అప్‌డేట్ ఒప్పుకోదు. దీనికి తోడు డీఎం-వెరిటీ ఉంది. ఫోన్ నడుస్తున్నప్పుడు సిస్టమ్‌లోని ప్రతి ముక్కా కంపెనీ పంపినట్టే ఉందా అని చూసే కాపలా ఇది. 2013లో ఆండ్రాయిడ్ 4.4తో వచ్చింది, 2016లో 7.0 నుంచి గట్టిగా అమలవుతోంది.

రూట్ ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకి జవాబు మారింది కూడా ఈ కట్టుదిట్టాల వల్లే. పాత రోజుల్లో సూపర్‌ఎస్‌యూ లాంటి టూల్స్ సిస్టమ్ విభాగంలోకే వెళ్లి తమ ఫైళ్లు పెట్టేవి. కాపలా పెరిగాక ఆ దారి మూసుకుపోయింది. 2015 చివరికల్లా సూపర్‌ఎస్‌యూ రాసిన చైన్‌ఫైర్ సిస్టమ్‌ని ముట్టుకోకుండా రూట్ చేసే పద్ధతి చూపించాడు. 2016లో తైవాన్ కుర్రాడు జాన్ వూ మ్యాజిస్క్ అనే రూట్ టూల్‌ని విడుదల చేశాడు. ఫోన్ ఆన్ అయ్యేటప్పుడు మొదట మెమరీలోకి ఎక్కే చిన్న భాగాన్ని మాత్రమే మార్చి, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు వదిలేయడం దాని పద్ధతి. ఆ జాన్ వూ 2021లో గూగుల్‌లోనే ఆండ్రాయిడ్ సెక్యూరిటీ విభాగంలో చేరాడు.

కాబట్టి ఇవాళ రూట్ అంటే మీ ఫోన్ అంతా మారిపోవడం కాదు. ఒకే ఒక్క ఇమేజ్, అంటే ఒక విభాగంలోకి ఎక్కించే ఫైల్, మారడం. చాలా ఫోన్లలో దాని పేరు బూట్ ఇమేజ్. ఆండ్రాయిడ్ 13తో మార్కెట్లోకి వచ్చిన ఫోన్ల నుంచి, అంటే గూగుల్ ఫోన్లలో పిక్సెల్ 7, ఆ తర్వాత వచ్చినవాటిలో, ఆ భాగాన్ని విడదీసి ఇనిట్ బూట్ అని వేరే పేరు పెట్టారు. పిక్సెల్ 6కి ఎన్ని అప్‌డేట్లు వచ్చినా అది బూట్ ఇమేజ్ ఫోనే. మీ ఫోన్ ఏ వెర్షన్‌తో పుట్టిందో తెలుసుకోవడం అందుకే ముఖ్యం, ఇప్పుడు ఏ వెర్షన్ నడుస్తోందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఇక స్లాట్ల గురించి. 2016లో మొదటి పిక్సెల్‌తో ఏ, బీ అని రెండు స్లాట్ల పద్ధతి వచ్చింది. ఒకే ఇంట్లో రెండు పోర్షన్లు అనుకోండి. మీరు 'ఏ' పోర్షన్‌లో కాపురం ఉంటారు. అప్‌డేట్ వస్తే బీ పోర్షన్‌ని కొత్తగా సిద్ధం చేస్తారు. రీస్టార్ట్ చేయగానే మీరు బీలోకి మారతారు. సామాను, అంటే మీ ఫోటోలు, యాప్‌లు, మెసేజ్‌లు, రెండు పోర్షన్లకీ ఉమ్మడిగా ఉన్న గదిలో ఉంటాయి కాబట్టి వాటికి ఏమీ కాదు. బీ పోర్షన్‌లో తలుపు సరిగ్గా తెరుచుకోకపోతే ఫోన్ కొన్నిసార్లు ప్రయత్నించి తనంతట తానే ఏకి తిరిగొస్తుంది.

రూట్ ఉన్నవాళ్లకి ఇందులో రెండు విషయాలు దాగి ఉన్నాయి. మీరు మార్చిన బూట్ ఇమేజ్ ఏలో ఉంది, కొత్త పోర్షన్‌లోకి వచ్చేది కంపెనీ బూట్ ఇమేజ్. అప్‌డేట్ తర్వాత రూట్ కనిపించకపోవడానికి కారణం ఇంతే. ఏదో చెడిపోయి కాదు, మీరు ఇంకో పోర్షన్‌లోకి వచ్చారు కాబట్టి. రెండోది, నెలవారీ చిన్న అప్‌డేట్ ఏలోని అసలు ఇమేజ్‌ని కొలిచి, దాని మీద తేడా కలిపి బీని తయారుచేస్తుంది. ఏలో ఉన్నది మీరు మార్చిన ఇమేజ్ కాబట్టి టేపు దగ్గరే ఆగిపోతుంది. అప్‌డేట్ ఫెయిలైందని తెరమీద ఒక ముక్క కనిపిస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు. డేటా పోదు, ఫోనూ చావదు.

కొత్త ఫోన్లలో ఇంకో మెలిక ఉంది. రెండు పోర్షన్లూ పూర్తిగా కట్టాలంటే స్టోరేజ్ వృథా కాబట్టి, ఆండ్రాయిడ్ 11 నుంచి వర్చువల్ ఏ, బీ వచ్చింది. సిస్టమ్ లాంటి పెద్ద విభాగాలకి రెండో కాపీ ఉండదు. మార్పులన్నీ స్నాప్‌షాట్‌గా పక్కన రాసి పెట్టి, కొత్త వెర్షన్ బాగా ఆన్ అయ్యాక వెనకాల మెల్లగా అసలులో కలిపేస్తారు. ఆ స్నాప్‌షాట్‌కి మీ స్టోరేజ్‌లోంచే చోటు కావాల్సి రావచ్చు, అందుకే ఫోన్ నిండిపోయి ఉంటే అప్‌డేట్ మొరాయిస్తుంది. ఆ కలపడం ఒకసారి మొదలయ్యాక పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే దారి ఉండదు. కాబట్టి అప్‌డేట్ అయిన మొదటి గంటలో ఫోన్‌ని వదిలేయండి. ఆ సమయంలో కేబుల్ పెట్టి ఇంకేదో ఎక్కించబోవడం పనిగట్టుకుని కష్టం కొని తెచ్చుకోవడమే.

ఇప్పుడు అసలు పద్ధతి. మ్యాజిస్క్ ఉన్న పిక్సెల్ లాంటి ఫోన్ తీసుకుంటాను. డెవలపర్ ఆప్షన్స్‌లో ఆటోమేటిక్ సిస్టమ్ అప్‌డేట్స్ అనేదాన్ని రూట్ చేసిన రోజే ఆపేసి ఉండాలి. అప్‌డేట్ వచ్చిందని తెలిశాక ముందు ఫోటోలు, మెసేజ్‌లు, ముఖ్యమైన ఫైళ్లు వేరేచోటికి కాపీ చేయండి. ఫోన్ బాగా నడుస్తున్నప్పుడే ఈ పని చేయాలి, ఎందుకంటే ఇవాళ్టి ఫోన్లలో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. ఫోన్ ఆన్ అవ్వడం మానేశాక లోపలున్నది బయటికి తీయడం దాదాపు కుదరదు. తర్వాత మ్యాజిస్క్ యాప్ తెరిచి, అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, అందులో రీస్టోర్ ఇమేజెస్ ఎంచుకోండి. ఇక్కడ చాలామందికి గుండె జారుతుంది. రూట్ తీసేస్తే ఇక ముందుకి ఎలా వెళ్తాం?

ఇక్కడే ఈ పద్ధతిలోని తెలివి ఉంది. రీస్టోర్ చేసినప్పుడు స్టోరేజ్‌లోని బూట్ ఇమేజ్ మాత్రమే కంపెనీదిగా మారింది. ఫోన్ ఆన్ అయినప్పుడు మెమరీలోకి ఎక్కిన మ్యాజిస్క్ ఇంకా మెమరీలోనే నడుస్తోంది. రీస్టార్ట్ చేసేదాకా మీ చేతిలో రూట్ ఉంటుంది, అటు అప్‌డేట్ టేపు పెట్టి కొలిస్తే కంపెనీ ఇమేజే దొరుకుతుంది. ఈ మధ్యకాలాన్నే వాడుకోవాలి. కాబట్టి రీస్టార్ట్ చేయకుండా సెట్టింగ్స్‌కి వెళ్లి అప్‌డేట్ డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ చేయించండి. అది పూర్తయి, రీస్టార్ట్ బటన్ చూపిస్తుంది. దాన్ని నొక్కకండి. మళ్లీ మ్యాజిస్క్‌కి వచ్చి, ఇన్‌స్టాల్‌లో ఇన్‌స్టాల్ టు ఇన్‌యాక్టివ్ స్లాట్ అన్నది ఎంచుకోండి. ఇంకా మీరు అడుగుపెట్టని కొత్త పోర్షన్‌లోకి వెళ్లి, అక్కడి కొత్త ఇమేజ్‌ని మ్యాజిస్క్ మార్చి వస్తుంది. అయ్యాక ఆ యాప్ చూపించే రీబూట్ బటన్నే నొక్కాలి. అంతే, కొత్త వెర్షన్, రూట్ రెండూ ఉంటాయి. ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించే పని కూడా లేదు. మ్యాజిస్క్ బదులు కెర్నల్‌ఎస్‌యూ వాడేవాళ్లకి కూడా అప్‌డేట్ తర్వాత ఇన్‌యాక్టివ్ స్లాట్‌లో పెట్టుకునే ఆప్షన్ ఉంది.

మరి రీస్టోర్ నొక్కగానే స్టాక్ బ్యాకప్ లేదని వస్తే? ఆ ఇమేజ్‌ని వేరే ఫోన్‌లో ప్యాచ్ చేసి, అంటే మ్యాజిస్క్‌తో మార్చి, తెచ్చి పెట్టారని, లేదా ఎప్పుడో డేటా తుడిచేశారని అర్థం. మ్యాజిస్క్ దాచుకున్న అసలు కాపీ మీ ఫోన్‌లో లేదు. ఇప్పుడు నడుస్తున్న బిల్డ్ నంబర్‌కి, అంటే సరిగ్గా ఆ సాఫ్ట్‌వేర్ కూర్పుకి, చెందిన కంపెనీ ఇమేజ్ సంపాదించి పెడితే సరిపోతుంది. ఇంకో మాట. మ్యాజిస్క్ తాను మార్చినదాన్నే వెనక్కి పెడుతుంది. మీరు కస్టమ్ కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ని నడిపే సిస్టమ్ గుండెకాయకి బదులు బయటిది, వేసుకుని ఉంటే ఆ మార్పులన్నీ మీరే తీయాలి. అన్నీ సరిగ్గా చేశాం, అయినా అప్‌డేట్ ఫెయిల్ అంటోంది అనేవాళ్లు ముందు ఇది చూసుకోండి.

చిన్న అప్‌డేట్ ఎంతకీ పట్టకపోతే పెద్ద దారి ఒకటుంది. పిక్సెల్‌కి గూగుల్ ప్రతి బిల్డ్‌కీ పూర్తి అప్‌డేట్ ఫైల్ (పూర్తి ఓటీఏ) ఇస్తుంది, రెండు జీబీ దాటుతుంది. అది పాతదాన్ని కొలవదు, కొత్త పోర్షన్ మొత్తాన్ని కొత్తగా రాస్తుంది. ఫోన్‌ని రికవరీ అనే రిపేర్ మోడ్‌లోకి తీసుకెళ్లి, కంప్యూటర్ నుంచి ఏడీబీ అనే టూల్‌తో ఆ ఫైల్‌ని సైడ్‌లోడ్ చేస్తే డేటా అలాగే ఉంటుంది. అయిపోయాక అదే బిల్డ్ ఇమేజ్‌ని ప్యాచ్ చేసి ఫాస్ట్‌బూట్‌లో (కంప్యూటర్ నుంచి ఇమేజ్‌లు ఎక్కించే మోడ్‌లో) పెట్టుకోవాలి. ఫ్యాక్టరీ ఇమేజ్ అని ఇంకో రకం ఫైల్ ఉంటుంది. దానితో వచ్చే ఫ్లాష్-ఆల్ అనే స్క్రిప్ట్‌లో డ్యాష్ డబ్ల్యూ అని రెండక్షరాలు ఉంటాయి. వైప్ అని దాని అర్థం. ఆ రెండక్షరాలు తీయకుండా నడిపితే ఫోన్ ఖాళీ అయిపోతుంది. "డేటా మొత్తం పోతుందట" అన్న మాటకి మూలం చాలాసార్లు ఈ రెండక్షరాలే.

నాకు జరిగింది చెబుతాను. రెండేళ్ల కిందట ఒక రాత్రి ఇలాగే పూర్తి ఓటీఏ పెట్టి, బూట్ ఇమేజ్ ప్యాచ్ చేసి, కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాను. మ్యాజిస్క్ ప్యాచ్ చేసిన ఫైల్‌కి పెట్టే పేరులో మ్యాజిస్క్ వెర్షన్, దాని పక్కన అర్థంలేని ఐదు అక్షరాలు ఉంటాయి. ఏ నెల బిల్డ్ అన్నది ఎక్కడా ఉండదు. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాంటివి నాలుగున్నాయి. నేను పోయిన నెలది ఎక్కించాను. ఫోన్ ఆన్ అయింది, లాక్ స్క్రీన్ వచ్చింది, గడియారం కూడా సరిగ్గానే ఉంది. కానీ వేలు పెడితే తెర కదలదు. వాల్యూమ్ బటన్లు పనిచేస్తున్నాయి, తెర మాత్రం రాయిలా ఉంది. టచ్ పోయిందేమో, రిపేర్ షాపుకి ఎంతవుతుందో అని కాసేపు వణికిపోయాను.

జరిగింది ఏమిటంటే, ఆ ఫోన్‌లో బూట్ ఇమేజ్‌లో కెర్నల్ కూడా ఉంటుంది. టచ్‌ని, వైఫైని నడిపే మాడ్యూళ్లు వేరే విభాగంలో ఉంటాయి. కెర్నల్ పాత నెలది, మాడ్యూళ్లు కొత్త నెలవి. రెండింటికీ జత కుదరలేదు. పవర్, వాల్యూమ్ డౌన్ కలిపి నొక్కిపట్టి ఫాస్ట్‌బూట్‌లోకి వెళ్లి, కొత్త బిల్డ్ బూట్ ఇమేజ్‌ని ఎక్కించాను. పట్టింది కొన్ని సెకన్లే. ఫోన్ మామూలైంది. ఆ రోజు నుంచి ప్రతి బిల్డ్ నంబర్‌కీ ఒక ఫోల్డర్ పెట్టి, అందులో కంపెనీ ఇమేజ్ ఒకటి, ప్యాచ్ చేసింది ఒకటి ఉంచుతున్నాను. ఒక బిల్డ్ ఇమేజ్‌ని ఇంకో బిల్డ్ మీద పెట్టకూడదు, ఎంత దగ్గరి నెలదైనా సరే. రూట్ ఫోన్ అప్‌డేట్లలో నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుట్టాయి.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. అప్‌డేట్ తర్వాత ఫోన్ లోగో దగ్గరే తిరుగుతుంటే కంగారుపడి ఫ్యాక్టరీ రీసెట్ చేయకండి. అదే బిల్డ్‌కి చెందిన కంపెనీ బూట్ ఇమేజ్, లేదా ఇనిట్ బూట్ ఇమేజ్, వెనక్కి పెడితే చాలావరకు ఫోన్ రూట్ లేకుండా ఆన్ అవుతుంది, డేటా అంతా ఉంటుంది. మ్యాజిస్క్ మాడ్యూల్, అంటే మ్యాజిస్క్‌కి తగిలించుకునే చిన్న యాడ్-ఆన్, ఏదైనా కొత్త వెర్షన్‌తో పడక మొరాయిస్తుంటే, సేఫ్ మోడ్‌లో ఒకసారి ఆన్ చేయండి. మాడ్యూళ్లన్నీ వాటంతట అవే ఆగిపోతాయి. నెలవారీ అప్‌డేట్‌కి కాకపోయినా, 14 నుంచి 15కి, 15 నుంచి 16కి వెళ్లేటప్పుడు మాత్రం మాడ్యూళ్లన్నీ ముందే ఆపేయడం మంచిది. సిస్టమ్ యూఐని, ఫాంట్లని మార్చే మాడ్యూళ్లు మొదట తన్నేస్తాయి.

వెనక్కి వెళ్లొచ్చులే అన్న ధీమా మాత్రం వద్దు. కొత్త వెర్షన్ ఎక్కాక పాతది ఎక్కనివ్వని యాంటీ రోల్‌బ్యాక్ అనే ఏర్పాటు ఉంది. 2018లో మన దగ్గర ఇంటింటా కనిపించిన రెడ్‌మీ నోట్ 5 ప్రోలో ఇది వచ్చినప్పుడు, తెలియక పాత ఎంఐయూఐ (షియోమీ సిస్టమ్) ఎక్కించినవాళ్ల ఫోన్లు నిజంగానే ఇటుకరాళ్లయ్యాయి. 2022 ఆగస్టులో ఆండ్రాయిడ్ 13 వచ్చినప్పుడు పిక్సెల్ 6, 6 ప్రో, 6ఏలకి ఇదే జరిగింది. అక్కడ ఇంకో చిక్కు. కొత్త పోర్షన్‌లో బూట్‌లోడర్ (ఫోన్‌ని లేపే మొదటి ప్రోగ్రామ్) కొత్తది, ఖాళీగా ఉన్న పాత పోర్షన్‌లో మాత్రం పాతదే. ఏదైనా తేడా వచ్చి ఫోన్ పాత పోర్షన్‌కి వెళ్లబోతే ఇక లేవదు. ఇందాక చెప్పిన రక్షణే ఉచ్చు అయిపోయింది. అందుకే రెండు స్లాట్లలోనూ కొత్త బూట్‌లోడర్ ఉండేలా చూసుకోవాల్సి వచ్చింది.

శాంసంగ్ వాళ్ల దారి వేరు. బూట్‌లోడర్ అన్‌లాక్ చేసి మార్చిన ఇమేజ్ పెట్టగానే నాక్స్ అనే సెక్యూరిటీ ఫ్యూజ్ శాశ్వతంగా కాలిపోతుంది, ఇక ఫోన్‌లోంచి మామూలు అప్‌డేట్ రాదు. కొత్త ఫర్మ్‌వేర్ మొత్తం డౌన్‌లోడ్ చేసి, అందులో ఏపీ అనే ఫైల్‌ని మ్యాజిస్క్‌తో ప్యాచ్ చేసి, ఓడిన్ అనే కంప్యూటర్ టూల్‌తో ఎక్కించాలి. అందులో సీఎస్‌సీ అనే ఫైల్ దగ్గర హోమ్ సీఎస్‌సీ ఎంచుకుంటే డేటా ఉంటుంది, ఉత్త సీఎస్‌సీ ఎంచుకుంటే తుడిచిపెట్టుకుపోతుంది. కంపెనీ సిస్టమ్ బదులు లీనియేజ్ ఓఎస్ అనే బయటి ఆండ్రాయిడ్ వేసుకున్నవాళ్ల పని సులువు. వారం వారం వచ్చే అప్‌డేట్లో మ్యాజిస్క్‌ని కాపాడే స్క్రిప్ట్ ఒకటి సిస్టమ్‌లోనే ఉంటుంది కాబట్టి ఒకే వెర్షన్‌లో ఉన్నంతకాలం రూట్ సాధారణంగా దానంతట అదే నిలుస్తుంది.

బ్యాంకు యాప్‌ల గురించి దాచకుండా చెప్పాలి. అప్‌డేట్ చేసినంత మాత్రాన అవి పనిచేయవు. 2025 మే నుంచి, ఫోన్ నమ్మదగినదా అని యాప్‌ల తరఫున చూసే గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లలో హార్డ్‌వేర్ సాక్ష్యం అడుగుతోంది, అన్‌లాక్ చేసిన బూట్‌లోడర్ దగ్గరే ఆ సాక్ష్యం తేలిపోతుంది. దాచిపెట్టే మాడ్యూళ్లు ఇవాళ పనిచేస్తే రేపు పనిచేయకపోవచ్చు. యూపీఐ, బ్యాంకు లావాదేవీలకి రూట్ లేని ఫోన్ ఒకటి పెట్టుకోండి. జీతం పడే అకౌంట్‌ని ప్రయోగాల ఫోన్ మీద ఆధారపడనివ్వకండి.

ఇంత తిప్పలు పడి అప్‌డేట్ ఎందుకంటే, 2015లో ఆండ్రాయిడ్‌లో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడినప్పుడు కేవలం ఒక ఎంఎంఎస్‌తో ఫోన్‌లోకి చొరబడొచ్చని తెలిసింది. నెలనెలా సెక్యూరిటీ అప్‌డేట్లు మొదలైంది దాని తర్వాతే. రూట్ ఉన్న ఫోన్‌లో మీరు చాలా తలుపులు మీ చేతులతో తెరిచి ఉంచారు. మిగిలినవాటికైనా తాళం ఉండాలి కదా. సెట్టింగ్స్‌లో ఫోన్ గురించి చెప్పే చోట సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఒకసారి చూడండి. అది ఏడాది వెనక ఉంటే ఈ ఆదివారమే ఒక గంట కేటాయించండి.

నెలకో గంట కుదరదు అనుకునేవాళ్లకి రూట్ తీసేయడమే మంచిది, అదేమీ కష్టం కాదు. రీస్టోర్ ఇమేజెస్ నొక్కి ఈసారి నిజంగానే రీస్టార్ట్ చేయండి. మిగతావాటిని మార్చి ఉండకపోతే, పిక్సెల్ లాంటి ఫోన్లలో బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉన్నా అప్‌డేట్లు మామూలుగా వస్తాయి, డేటా అలాగే ఉంటుంది. బూట్‌లోడర్‌ని మాత్రం తొందరపడి లాక్ చేయకండి. లాక్ చేస్తే డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. మార్చిన ఇమేజ్ ఏ విభాగంలోనైనా మిగిలి ఉండగా లాక్ చేస్తే ఫోన్ ఆన్ అవ్వడమే మానేయవచ్చు. రూట్ మళ్లీ కావాలనిపించిన రోజు ఆ బిల్డ్ ఇమేజ్ తెచ్చి ప్యాచ్ చేసుకోవచ్చు, పది నిమిషాల పని.